ఓగేమ్ సమీక్ష: లెక్కలన్నీ గట్టివే, నిద్రకే చోటు లేదు

2002 అక్టోబర్‌లో జర్మనీలో మొదలైన ఓగేమ్ అనే అంతరిక్ష వ్యూహ ఆట ఇంకా నడుస్తూనే ఉంది. కార్ల్స్‌రూహెలోని గేమ్‌ఫోర్జ్ సంస్థ దీన్ని నడుపుతుంది. డౌన్‌లోడ్ లేదు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌లో, నెమ్మదిగా వచ్చే నెట్‌లో కూడా బ్రౌజర్ ట్యాబ్ తెరిచి ఆడుకోవచ్చు. ఒక గ్రహంతో మొదలుపెట్టి గనులు పెంచాలి, ఓడలు కట్టాలి, ఇతరుల గ్రహాల మీద దాడులు చేస్తూ ర్యాంకులో పైకి వెళ్లాలి. ఒక్కో యూనివర్స్‌కు (విడిగా నడిచే ఆట ప్రపంచానికి) సాధారణంగా 9 గెలాక్సీలు, గెలాక్సీకి 499 సిస్టమ్‌లు, సిస్టమ్‌కు 15 గ్రహాల చోట్లు. ఖర్చు పెట్టిన ప్రతి 1,000 యూనిట్ల వనరులకు ఒక పాయింటు.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. ఈ ఆటలో దాదాపు ప్రతిదానికీ సూత్రం ఉంది, ఆ సూత్రాలు ఆటగాళ్లందరికీ తెలుసు. గని ఎంత ఇస్తుందో, ఓడ ఎన్ని సెకన్లలో చేరుతుందో, యుద్ధంలో ఏ ఓడ దేన్ని ఎన్నిసార్లు కొడుతుందో కాగితం మీద లెక్కేసుకోవచ్చు. ఇంత నిజాయితీగా లెక్కలు బయటపెట్టే బ్రౌజర్ ఆటలు తక్కువ. లోపాలను పేరుపెట్టి చూపించగలిగేది కూడా అందువల్లే. ఆ లోపాల్లో ఎక్కువ భాగం ఒకే మూలం నుంచి వచ్చినవి: మెటల్, క్రిస్టల్, డ్యూటీరియం కన్నా ఇక్కడ ఖరీదైన వనరు ఆటగాడి మెలకువ. ఆట ప్రతి మలుపులోనూ దాన్నే అడుగుతుంది, అది ఇవ్వలేని వాళ్లకు ఉపశమనాన్ని అమ్ముతుంది.

గనుల దగ్గర మొదలుపెడదాం. 1x (మామూలు) వేగం యూనివర్స్‌లో మెటల్ గని గంటకు ఇచ్చేది 30 × లెవల్ × 1.1^లెవల్. ఆ గని ఖర్చు మాత్రం లెవల్ లెవల్‌కీ ఒకటిన్నర రెట్లవుతుంది. మొదటి లెవల్‌కు 60 మెటల్, 15 క్రిస్టల్. రాబడి ఒక దారిలో, ఖర్చు ఇంకో దారిలో పెరిగితే ఏమవుతుందో మూడు లెవల్స్ దగ్గర చూస్తే చాలు. రెండు క్రిస్టల్‌కు మూడు మెటల్ అన్న మామూలు మారకం ప్రకారం అంతా మెటల్‌లోకి మార్చి లెక్కిస్తే, 10వ లెవల్‌కు పెట్టిన ఖర్చు సుమారు 22 గంటల్లో తిరిగొస్తుంది. 20వ లెవల్‌కు 1,33,010 మెటల్, 33,252 క్రిస్టల్ పెడితే గంటకు అదనంగా వచ్చేది 550 మెటల్. పెట్టింది తిరిగి రావడానికి దాదాపు 14 రోజులు. 30వ లెవల్‌కు 76.7 లక్షల మెటల్, 19.2 లక్షల క్రిస్టల్ కావాలి, అదనంగా వచ్చేది గంటకు 1,900 చిల్లర. పెట్టుబడి తిరిగొచ్చేసరికి 230 రోజులు. ఇందులో ఎనర్జీ ఖర్చు కలపలేదు.

ఇది మొదట్లో మంచి నిర్ణయమే. ముందు చేరినవాళ్లు ఆకాశమెత్తు దూరం వెళ్లిపోకుండా ఈ వాలు ఆపుతుంది, వెనక వచ్చినవాళ్లు గనుల విషయంలో త్వరగా దగ్గరపడతారు. కానీ 22, 23 లెవల్స్ దాటాక గనుల మీదే ఆధారపడితే ఆట కదలదు. ఇక పెరగాలంటే దాడులు, ఎక్స్‌పెడిషన్‌లు (తెలియని చోట్లకు పంపే అన్వేషణ యాత్రలు), లేదా డబ్బుకు కూడా దొరికే డార్క్ మ్యాటర్. దాడి చేయాలంటే ఫ్లీట్, అంటే ఓడల దండు కావాలి. ఫ్లీట్ ఉందంటే దాన్ని రాత్రిపూట కాపాడుకోవాలి.

ఎనర్జీ దగ్గర కొత్తవాళ్లు తరచూ పడే గుంట ఒకటుంది. మెటల్ గని 10, క్రిస్టల్ గని 10 ఉంటే ఒక్కొక్కటి 260 దాకా ఎనర్జీ అడుగుతుంది. సోలార్ ప్లాంట్ 10 ఇచ్చేది 518, అంటే రెండు గనులకు దాదాపు సరిపోతుంది. అప్పుడు డ్యూటీరియం తీసే కట్టడం, డ్యూటీరియం సింథసైజర్‌ను 5కు పెంచితే ఇంకో 162 కావాలి. ఎనర్జీ చాలకపోతే ఆగేది సింథసైజర్ ఒక్కటే కాదు, గనులన్నీ కలిసి 76 శాతానికి దిగిపోతాయి. గంటకు 778 వచ్చే మెటల్ 591 అవుతుంది. పైన ఎనర్జీ అంకె ఎర్రబడడం తప్ప, ఈ అప్‌గ్రేడ్ వల్ల మిగతా గనులు ఎంత నష్టపోతాయో బటన్ నొక్కే ముందు ఆట చెప్పదు. మందు తేలికే: రిసోర్స్ సెట్టింగ్స్ పేజీలో సింథసైజర్‌ను 0 శాతానికి దించి, సోలార్ ప్లాంట్ 12కు చేరాక (753 ఇస్తుంది) మళ్లీ 100కు పెట్టాలి. 11వ లెవల్ ఇచ్చే 627 చాలదు. ఆ ఒక్క అంకెను అప్‌గ్రేడ్ పెట్టెలోనే చూపిస్తే ఈ గుంట పూడిపోయేది.

గోదాముల సంగతీ అంతే. మెటల్ స్టోరేజ్ 3వ లెవల్‌లో 75,000 పడుతుంది, 4వ లెవల్‌లో 1,40,000. నిండితే ఉత్పత్తి ఆగిపోతుంది. 20వ లెవల్ గనికి 1,33,010 మెటల్ కూడబెట్టాలంటే 4వ లెవల్ స్టోరేజ్ ముందే ఉండాలి. గని 19వ లెవల్‌లో ఉన్న గ్రహం ఒక్కటే ఆ మొత్తాన్ని కూడబెట్టడానికి 38 గంటలు పడుతుంది. ఆ 38 గంటల్లో ఒక రాత్రయినా తప్పకుండా వస్తుంది.

రాత్రి ఏమవుతుంది

మామూలు దాడిలో గెలిచినవాళ్లు గ్రహం మీదున్న వనరుల్లో సగం ఎత్తుకుపోవచ్చు. ఒకే గ్రహం మీద 24 గంటల్లో ఆరు దాడులకు మించి చేయకూడదని బ్యాషింగ్ నియమం ఉంది. బలహీనులకు ఇది రక్ష అని ఆట చెబుతుంది. లెక్క మాత్రం ఇలా ఉంది: లక్ష యూనిట్లున్న గ్రహం మీద మొదటి దాడి తర్వాత 50,000, రెండో దాడికి 25,000, తర్వాత 12,500, 6,250, 3,125, ఆరో దాడికి 1,562 మిగులుతాయి. నియమం ఒక్క అక్షరం తప్పకుండా పాటించినా 98.4 శాతం పోయింది. దాడుల సంఖ్య మీద పెట్టిన హద్దు ఎవరినీ కాపాడదు. హద్దు ఉండాల్సింది దోచే వాటా మీద. 24 గంటల్లో ఒక గ్రహం నుంచి మొత్తం 60 శాతానికి మించి పోకూడదనో, చివరి ఎనిమిది గంటల ఉత్పత్తి ఎవరూ ముట్టకూడదనో పెట్టి ఉంటే ఈ లోపమే ఉండేది కాదు.

ఎవరు నిద్రపోతున్నారో దాడి చేసేవాళ్లకు చెప్పేది కూడా ఆటే. గెలాక్సీ పేజీలో ప్రతి గ్రహం పక్కన యాక్టివిటీ గుర్తు ఉంటుంది. గత 15 నిమిషాల్లో అక్కడ ఏదైనా కదలిక ఉంటే ఒక గుర్తు, ఆ తర్వాత గంట వరకు ఎన్ని నిమిషాలైందో అంకె. వారం రోజులు ఒకరి గ్రహాలన్నింటినీ రోజుకు నాలుగైదు సార్లు చూసి రాసుకుంటే ఆ మనిషి ఎప్పుడు పడుకుంటాడో, ఎప్పుడు లేస్తాడో తెలిసిపోతుంది. వేటకు దిగే ఆటగాళ్లు సరిగ్గా ఇదే చేస్తారు. ఈ గుర్తును నిమిషాల్లో కాకుండా పూటల్లో చూపించినా వేట మిగిలేది, కాపలా భారం తగ్గేది. ఈ ఆటలో అన్నిటికన్నా తేలిగ్గా సరిదిద్దగలిగే లోపం ఇదే, ఇన్నేళ్లుగా అలాగే ఉంది.

వనరులు పోతే మళ్లీ వస్తాయి. ఓడలు పోతే మాత్రం చాలావరకు పోయినట్టే. యుద్ధంలో కూలిన రక్షణ కట్టడాల్లో దాదాపు 70 శాతం వాటంతట అవే తిరిగి లేస్తాయి. ఓడలు అలా లేవవు, స్పేస్ డాక్ అనే కట్టడం ఉంటే వాటిలో కొన్నింటిని మరమ్మతు చేసుకోవచ్చు, అంతే. కూలిన ఓడల మెటల్, క్రిస్టల్‌లో 30 శాతం డెబ్రిస్‌గా (శకలాలుగా) గ్రహం చుట్టూ తేలుతుంది, దాడి చేసినవాళ్లు రీసైక్లర్లనే ఓడలతో ఏరుకుపోతారు. నెలల తరబడి కట్టిన ఫ్లీట్ ఆరు రౌండ్ల యుద్ధంలో పోవడం ఇక్కడ మామూలు. అందుకే పుట్టింది ఫ్లీట్‌సేవ్: పడుకునే ముందు ఓడలన్నింటినీ, వనరులన్నింటినీ గాల్లోకి పంపేయడం. ఆట మొత్తం దీని మీదే నిలబడి ఉన్నా, కొత్తవాళ్లకు ఆట చెప్పే పాఠాల్లో దీనికి దక్కాల్సిన చోటు దక్కలేదు. సరిగా చేసే పద్ధతి ఇది.

ముందు కార్గోల (సరుకు మోసే ఓడల) లెక్క వేసుకోవాలి. లార్జ్ కార్గో ప్రాథమికంగా 25,000 మోస్తుంది, స్మాల్ కార్గో 5,000. పై ఉదాహరణలో కూడబెట్టిన 1,66,262 యూనిట్లకు ఏడు లార్జ్ కార్గోలు చాలు. వాటి ఖరీదు 42,000 మెటల్, 42,000 క్రిస్టల్. తర్వాత ఇంధనం. ఓడలు ఎగిరేది డ్యూటీరియంతో, దాన్ని పగలంతా పరిశోధనకు ఖర్చుపెట్టి రాత్రికి చుక్క లేకుండా చేసుకోవడం కొత్తవాళ్ల ఫ్లీట్లను ముంచే తప్పు. వేగం 10 నుంచి 100 శాతం దాకా పదేసి మెట్లలో ఎంచుకోవచ్చు. వేగం తగ్గేకొద్దీ ఇంధనం తక్కువ పడుతుంది, ప్రయాణం సాగుతుంది. ఎనిమిది గంటలు పడుకునేవాళ్లు ఓడలు ఎనిమిదిన్నర, తొమ్మిది గంటలకు దిగేలా చూసుకోవాలి. మిషన్ డిప్లాయ్‌మెంట్ అయి ఉండాలి, అంటే ఓడలూ వనరులూ కలిసి అవతలి గ్రహం మీదే ఉండిపోవాలి. ట్రాన్స్‌పోర్ట్ పెడితే వనరులు అవతలి గ్రహం మీద దింపేసి ఓడలు ఖాళీగా వెనక్కి వస్తాయి, అంటే అర్ధరాత్రి వనరులు దిక్కులేకుండా పడి ఉంటాయి.

ఇంత చేసినా గ్రహం నుంచి గ్రహానికి పంపితే భద్రత లేదు. ఎదుటివాళ్లకు దగ్గర్లో మూన్ (గ్రహం చుట్టూ తిరిగే చందమామ), దాని మీద సెన్సర్ ఫాలాంక్స్ అనే నిఘా కట్టడం ఉంటే, స్కాన్‌కు 5,000 డ్యూటీరియం కట్టి ఆ గ్రహానికి వచ్చే, పోయే ఓడలన్నీ సెకన్లతో సహా చూడగలరు. ఫాలాంక్స్ పరిధి లెవల్ వర్గంలో ఒకటి తక్కువ: 5వ లెవల్‌కు 24 సిస్టమ్‌లు, 8వ లెవల్‌కు 63. ఫ్లీట్ దిగిన ఒకటి రెండు సెకన్లకే దాడి తగిలేలా టైమింగ్ పెడతారు. ఫాలాంక్స్‌కు మూన్ కనిపించదు. కాబట్టి మూన్ నుంచి మూన్‌కు పంపిన ఫ్లీట్ కనిపించదు. వెనక్కి పిలిచిన డిప్లాయ్‌మెంట్ కూడా కనిపించదు, కానీ వెనక్కి పిలవడానికి మనిషి మేల్కొని ఉండాలి. నిశ్చింతగా పడుకోవాలంటే మూన్ కావాల్సిందే.

మూన్ లాటరీ

ఈ ఆటలో అన్నిటికన్నా గట్టిగా అభ్యంతరం చెప్పాల్సింది ఇక్కడే. మూన్‌ను కట్టలేరు. గ్రహం దగ్గర జరిగిన యుద్ధంలో పుట్టిన ప్రతి లక్ష యూనిట్ల డెబ్రిస్‌కు 1 శాతం చొప్పున, గరిష్ఠంగా 20 శాతం అవకాశం. ఎంత పెద్ద యుద్ధం చేసినా 20 దాటదు. దానికోసం ఆటగాళ్లు కనిపెట్టిన మార్గం మూన్‌షాట్: లైట్ ఫైటర్లనే చవక యుద్ధ ఓడలు కట్టి, స్నేహితుడి చేత కావాలనే కూల్పించుకోవడం. లైట్ ఫైటర్ 3,000 మెటల్, 1,000 క్రిస్టల్. కూలితే 30 శాతం లెక్కన 1,200 డెబ్రిస్. 20 లక్షల డెబ్రిస్‌కు 1,667 ఫైటర్లు కావాలి. ఒక్క ప్రయత్నం ఖరీదు 50 లక్షల మెటల్, 16.67 లక్షల క్రిస్టల్. డెబ్రిస్ ఏరుకున్నా 35 లక్షల మెటల్, 11.67 లక్షల క్రిస్టల్ బూడిదే. ఏరుకోవడానికి 20,000 సామర్థ్యం ఉన్న రీసైక్లర్లు నూటికి పైగా ఉండాలి.

ఐదు ప్రయత్నాల తర్వాత కూడా మూన్ రాకుండా ఉండే అవకాశం 33 శాతం. పది ప్రయత్నాల తర్వాత కూడా 11 శాతం మందికి చేతిలో ఏమీ ఉండదు. ఓడిన ప్రయత్నాలు దేనికీ జమ కావు. మూన్ అన్నది ర్యాంకు పెంచే అలంకారమైతే ఈ లాటరీని అర్థం చేసుకోవచ్చు. ఇది రాత్రి భద్రతకు తాళం చెవి. తాళం చెవిని లాటరీలో పెట్టడం డిజైన్ లోపం కాక మరేమిటి? ప్రతి విఫల ప్రయత్నానికి తర్వాతి అవకాశం 10 శాతం పెరిగేలా చేస్తే తొమ్మిదో ప్రయత్నానికి మూన్ ఖాయం. ఆట ఆర్థిక వ్యవస్థకు దాని వల్ల వచ్చే నష్టమూ పెద్దది కాదు, ఎందుకంటే ప్రతి ప్రయత్నంలోనూ వనరులు కరుగుతూనే ఉంటాయి. పైగా వచ్చిన మూన్ శాశ్వతమూ కాదు. డెత్‌స్టార్లనే భారీ యుద్ధ ఓడలతో దాన్ని పగలగొట్టవచ్చు: 8,000 కిలోమీటర్ల మూన్ మీదకు తొమ్మిది డెత్‌స్టార్లు వస్తే ఒక్కో దాడికి దాదాపు 32 శాతం అవకాశం.

మూన్‌షాట్ ఆలోచన ఉన్నవాళ్లు చేరేముందే యూనివర్స్ సెట్టింగులు చూడాలి. డెబ్రిస్ శాతం 60 ఉన్నచోట 1,667 బదులు 834 ఫైటర్లు చాలు. చేరాక ఈ అంకె మార్చుకోలేరు.

డబ్బు ఎక్కడ అడుగుతుంది

డార్క్ మ్యాటర్ ఎక్స్‌పెడిషన్‌లలో దొరుకుతుంది, డబ్బుకూ దొరుకుతుంది. దానితో ఐదుగురు ఆఫీసర్లను పెట్టుకోవచ్చు: కమాండర్, అడ్మిరల్, ఇంజనీర్, జియాలజిస్ట్, టెక్నోక్రాట్. జియాలజిస్ట్ గనుల రాబడిని 10 శాతం పెంచుతాడు, అడ్మిరల్ రెండు ఫ్లీట్ స్లాట్లు ఇస్తాడు. వీటిని తప్పుపట్టనక్కర్లేదు. ఉచితంగా నడిచే ఆట ఎక్కడో ఒకచోట డబ్బు సంపాదించాలి. మెటల్, క్రిస్టల్, డ్యూటీరియం రాబడిని 10, 20, 30 శాతం పెంచే బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ బూస్టర్లనూ ఆ కోవలోనే సర్దుకోవచ్చు.

తప్పు కమాండర్ దగ్గర ఉంది. కమాండర్ లేకపోతే గ్రహం మీద ఒక కట్టడం నడుస్తుండగా తర్వాతిది వరుసలో పెట్టలేరు. అర్ధరాత్రి రెండింటికి గని పూర్తయితే, మళ్లీ లాగిన్ అయ్యేదాకా ఆ గ్రహం ఖాళీగా ఉంటుంది. నిర్మాణ వరుస అనేది బలం కాదు, సౌకర్యం. అది ఆటగాడి నిద్రకు సంబంధించినది. దాన్ని డబ్బుకు అమ్మడమంటే డబ్బు కట్టనివాళ్ల చేత అలారం పెట్టించడమే. సామ్రాజ్యం మొత్తం ఒకే పేజీలో చూసే ఎంపైర్ వ్యూ కూడా కమాండర్ వెనకే ఉంది. ఎనిమిది గ్రహాలున్న ఆటగాడు ఎక్కడ ఎంత మెటల్ ఉందో చూడడానికి ఎనిమిది సార్లు క్లిక్ చేయాలి. రెండు కట్టడాల వరుస అందరికీ ఉచితంగా ఇచ్చి, ఐదు కట్టడాల వరుసను కమాండర్‌కు ఉంచితే సరిపోయేది.

కట్టే సమయాన్ని డార్క్ మ్యాటర్‌తో సగానికి తగ్గించే బటన్ కూడా ఉంది. యూనివర్స్ మొదలైన మొదటి వారంలో దాని ప్రభావం ఎక్కువ, ఎందుకంటే అప్పుడు ఒక రోజు ముందున్నా దాడులు మొదట చేసేది మీరే. నెలలు గడిచాక అడ్డొచ్చేది సమయం కాదు, వనరులు. ఆ బటన్ విలువ పడిపోతుంది. డబ్బు పెట్టాలనుకునేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకుంటే వృథా తగ్గుతుంది.

వెకేషన్ మోడ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పెట్టుకుంటే ఎవరూ దాడి చేయలేరు, గనులూ ఆగిపోతాయి. కనీసం 48 గంటలు అందులోనే ఉండాలి. ఫ్లీట్ గాల్లో ఉంటే పెట్టుకోలేరు. ఊరెళ్లేవాళ్లకు ఇది బాగానే ఉంది. పెళ్లిలో ఒక్కరాత్రి గడిపేవాళ్లకు, ఆస్పత్రిలో ఒక్కపూట ఉండాల్సినవాళ్లకు పనికిరాదు. వారానికి ఒక్కసారి, పది గంటలు, ఆ సమయంలో ఉత్పత్తి సున్నా, దాడి దారిలో ఉంటే పెట్టుకునే వీల్లేదు: ఇన్ని షరతులతో ఒక చిన్న వెకేషన్ మోడ్ ఇచ్చినా దుర్వినియోగం కాదు.

మిగతా లోపాలు

ఎనర్జీ ఇచ్చే సోలార్ శాటిలైట్‌ను ఆట ఓడల్లో ఒకటిగానే లెక్కిస్తుంది. ఒక్కోటి 2,000 క్రిస్టల్, 500 డ్యూటీరియం. చవకగా ఎనర్జీ వస్తుందని వెయ్యి పెట్టుకుంటే, కూల్చినవాళ్లకు 6 లక్షల క్రిస్టల్ డెబ్రిస్ సిద్ధం. రక్షణ కట్టడాల్లా ఇవి తిరిగి లేవవు, ఫ్లీట్‌సేవ్‌లో ఎగరవు కూడా. ఎనర్జీ కట్టడాన్ని ఓడల జాబితాలో పెట్టిన ఈ నిర్ణయానికి కారణం కనిపించదు. శాటిలైట్లు పెట్టే ముందు ఈ లెక్క వేయండి: డెబ్రిస్‌తో పాటు దొరికే దోపిడీ కలిపి, దాడికి వచ్చేవాళ్లు మీ రక్షణ ముందు పోగొట్టుకునే ఓడల కన్నా, ఇంధనం కన్నా తక్కువగా ఉండాలి. అలా ఉంటే ఎవరూ రారు.

కాలనీలదీ లాటరీయే. ఆస్ట్రోఫిజిక్స్ అనే పరిశోధన 1, 3, 5 లెవల్స్‌లో ఒక్కో కాలనీ వస్తుంది. కాలనీ షిప్ 10,000 మెటల్, 20,000 క్రిస్టల్, 10,000 డ్యూటీరియం. గ్రహంలో ఎన్ని ఫీల్డ్‌లు (కట్టడాలకు చోట్లు) ఉంటాయో దిగేదాకా తెలియదు. చిన్నది వస్తే వదిలేసి మళ్లీ షిప్ కట్టాలి. మధ్యలో ఉన్న స్థానాలు, ముఖ్యంగా 8కి అటూ ఇటూ, పెద్ద గ్రహాలిస్తాయి. 15 దగ్గర చలి ఎక్కువ కాబట్టి డ్యూటీరియం బాగా వస్తుంది.

యుద్ధ సూత్రాల్లో ఒకటి మాత్రం విసుగు పుట్టిస్తుంది. ఎదుటి షీల్డులో 1 శాతం కన్నా తక్కువ బలం ఉన్న దెబ్బ అసలు తగలదు. డెత్‌స్టార్ షీల్డు 50,000, అంటే 500 కన్నా తక్కువ దెబ్బలు వృథా. లైట్ ఫైటర్ బలం 50, క్రూయిజర్‌ది 400. టెక్నాలజీ రెండు వైపులా సమానమైతే డెత్‌స్టార్ ఖరీదులోని మెటల్, క్రిస్టల్‌తో వచ్చే 2,250 లైట్ ఫైటర్లు దాని మీద గీత కూడా పెట్టలేవు. డెత్‌స్టార్ చాలా నెమ్మది కాబట్టి ఆట చెడిపోలేదు. కానీ ఈ హద్దు గురించి ఓడ వివరాల పేజీలో ఒక్క వాక్యం ఉండాల్సింది.

ఆట తెర మీద లేనివన్నీ ఆటగాళ్లు తామే తయారుచేసుకున్నారు. యాంటీగేమ్, ఇన్ఫోకాంప్ట్ వంటి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌లు, ట్రాష్‌సిమ్ వంటి యుద్ధ సిమ్యులేటర్‌లు లేకుండా గట్టిగా ఆడేవాళ్లు అరుదు. ఎన్ని కార్గోలు పంపాలి, యుద్ధంలో ఎంత పోతుంది, లాభమెంత అన్నవి ఆట చెప్పాల్సిన సంగతులు. కొత్తవాళ్లు ఈ పనిముట్లు ఉన్నాయనే తెలియకుండా నెలలు గడుపుతారు, తెలిసినవాళ్ల చేతిలో ఓడిపోతారు.

తర్వాతి సంవత్సరాల్లో కలెక్టర్, జనరల్, డిస్కవరర్ అనే క్లాసులు, ఆ తర్వాత నాలుగు జాతులతో లైఫ్‌ఫార్మ్స్ వచ్చాయి. కలెక్టర్ గనులకు 25 శాతం అదనం ఇస్తాడు, డిస్కవరర్ ఎక్స్‌పెడిషన్ రాబడి పెంచుతాడు. దాడులు ఇష్టంలేనివాళ్లకు ఇవి దారి చూపించాయి, అది మంచి మార్పు. లైఫ్‌ఫార్మ్స్ మాత్రం ప్రతి గ్రహం మీదా ఇంకో కట్టడాల జాబితా, ఇంకో పరిశోధన జాబితా తెచ్చిపెట్టింది. వరుసలో పెట్టుకునే వీలు లేనివాళ్లకు క్లిక్కులు రెట్టింపయ్యాయి. రాత్రి సమస్య ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఎవరు ఆడవచ్చు, ఎలా

మన సమయాన్ని బట్టి ఒక మాట. యూరప్ ఆటగాళ్లతో నిండిన యూనివర్స్‌లో హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆడేవాళ్లు రాత్రి 11కు పడుకుంటే జర్మనీలో చలికాలం సాయంత్రం 6:30, వేసవిలో 7:30. అక్కడివాళ్లు పని ముగించుకుని ఆటకు కూర్చునే వేళ. మన నిద్ర మొదటి సగం వాళ్ల రద్దీ సమయంలో పడుతుంది, కాబట్టి ఇక్కడివాళ్లకు ఫ్లీట్‌సేవ్ తప్పడం యూరప్‌వాళ్లకన్నా ప్రమాదం. దీనికి బదులుగా మన ఉదయం 6 నుంచి 10 దాకా వాళ్లు గాఢ నిద్రలో ఉంటారు. ప్రోబ్‌లు (గూఢచారి ఓడలు) పంపి ఇనాక్టివ్ గ్రహాలను దోచుకోవడానికి అది మంచి వేళ. ఏడు రోజులు లాగిన్ కానివాళ్ల పేరు పక్కన ఇనాక్టివ్ గుర్తు వస్తుంది, మొదటి రెండు నెలలు వాళ్లే మీ ఆదాయం. న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లకు పరిస్థితి మెరుగు: వాళ్లు రాత్రి 11కు పడుకుంటే జర్మనీలో తెల్లవారుజాము 5. కాలిఫోర్నియావాళ్లకు ఉదయం 8, పనివేళలు మొదలవుతాయి.

ఓడలు కట్టకుండా గనులు పెంచుతూ ఆడదలిస్తే ఈ ఆటలో నిశ్చింతగానే గడపవచ్చు. కలెక్టర్ క్లాసు తీసుకోండి. యుద్ధ ఓడల మీద పెట్టే మొత్తాన్ని రక్షణ మీద పెట్టండి. వనరులను నిల్వ ఉంచకుండా రోజూ పడుకునే ముందు ఏదో ఒక కట్టడంలో ఖర్చు చేసేయండి. మిగిలినదాన్ని మాత్రం కార్గోల్లో ఎక్కించి పంపండి. సోలార్ శాటిలైట్లకు బదులు సోలార్ ప్లాంట్‌ను, తర్వాత ఫ్యూజన్ రియాక్టర్‌ను పెంచండి. ఫ్లీట్ ఆటే ఆడాలనుకుంటే నెమ్మది ఫ్లీట్ వేగం ఉన్న యూనివర్స్ వెతకండి. 1x వేగంలో ఒక్కసారి పంపిన ఫ్లీట్ రాత్రంతా తేలిగ్గా గాల్లో ఉంటుంది. వేగం నాలుగైదు రెట్లున్న చోట దగ్గరి సిస్టమ్‌కు 10 శాతం వేగంతో పంపినా తెల్లవారకముందే దిగిపోవచ్చు. చేరిన రోజే ఫ్లీట్ పేజీ తెరిచి, మీ గ్రహం నుంచి దూరంగా ఉన్న సిస్టమ్ కోఆర్డినేట్లు పెట్టి, 10 శాతం వేగం దగ్గర ఆట చూపించే ప్రయాణ సమయం చదవండి. అది మీ నిద్ర కన్నా తక్కువుంటే మొదటి కాలనీని ఇంకా దూరంగా పెట్టుకోండి.